దాచిన విత్తనము

ధ్యానభాగములు: 126వ కీర్తన, యోహాను సువార్త 11వ అధ్యాయము



ఈ మాసము మేము మీ యెదుట ఒక ప్రశ్న నుంచుచున్నాము. అది మేము పుస్తకములలో చదివిన ప్రశ్న కాదు. మా సంఘములోని ఒక తల్లి తన యింటి అరుగుమీద కూర్చుండి మమ్మును అడిగిన ప్రశ్న. దానికి వెంటనే ఉత్తరము చెప్పలేక మేము తల వంచుకొంటిమి. ఇప్పుడు వ్రాయుచున్నది ఆ తల్లికి మేము ఆలస్యముగా ఇచ్చిన ఉత్తరమే. కన్నీటి గడియ చూడని యిల్లు మన సంఘములలో ఒక్కటియు లేదు గనుక, ఇది మీకందరికిని చెందినదని తలంచుచున్నాము.

రెండేండ్ల క్రిందట వర్షాకాలములో, ఈ అడవి అంచు గ్రామములలో జ్వరములు ఎక్కువగా నుండిన దినములలో, ఆ తల్లి కుమారుడు పందొమ్మిదేండ్ల ప్రాయమున ప్రభువునందు నిద్రించెను. ఆమె భర్త అంతకు ముందే పోయెను. చేను దున్నినను, అంగడికి పోయినను, చెల్లెలిని బడికి పంపినను, అన్నిటికి ఆ కుమారుడే ఆధారము. సమాధియొద్ద పెట్టె దింపు వేళ ఆమె గొంతెత్తి యేడ్చెను. అప్పుడు సంఘపెద్దలలో ఒకరు, మంచి మనస్సుతోనే, దగ్గరకు వచ్చి, "ఊరుకోమ్మా. ఊరంతా చూస్తున్నది. నిరీక్షణ లేనివాళ్ల లెక్క ఏడిస్తే మన సాక్ష్యం ఏమైతది?" అనిరి. మేము ప్రక్కనే నిలిచి అవునన్నట్లు తల యూపితిమి. ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని ఊరకుండెను. పాటలు పాడితిమి, వాక్యము చదివితిమి, మన్ను వేసితిమి. అంతయు క్రమముగా జరిగినదని సంతృప్తిపడి యింటికి వచ్చితిమి.

ఆ తరువాత పదకొండు ఆదివారములు ఆమె ఆలయమునకు రాలేదు. పండ్రెండవ వారము మేము వెళ్లి అడుగగా ఆమె ఇట్లు చెప్పెను: "అయ్యగారూ, గుడికొస్తే ఏడుపొస్తది. ఏడిస్తే సాక్ష్యం పోతదంటిరి. అందుకే వస్తలేను. అందరూ పండుకున్నంక చేన్లకు పోయి ఏడుస్తున్న. ఒక్క మాట చెప్పుండ్రి. నేను ఏడిస్తే నా కొడుకు పరలోకం పోడా?"

సహోదరులారా, వేదాంత పాఠశాలలో మేము మూడేండ్లు చదివితిమి. మరణమును గూర్చి, పునరుత్థానమును గూర్చి పరీక్షలు వ్రాసితిమి. ఆ అరుగుమీద అవి యేవియు మాకు జ్ఞాపకము రాలేదు. మేమొక తల్లిని దేవుని మందిరమునుండి చేని గట్టుకు తరిమితిమని మాత్రము తెలిసినది.

విశ్వాసి యేడ్వవచ్చునా?

బేతనియ గ్రామమునకు వెళ్లుదము. లాజరు చనిపోయి నాలుగు దినములైనది. మార్త ఎదురు వచ్చి ప్రభువుతో ఒక మాట అన్నది. నీవిక్కడ ఉండినట్లయితే మా తమ్ముడు చావకుండునని దాని భావము. కొంతసేపటికి మరియ వచ్చి సరిగా ఆ మాటనే అన్నది. మాట ఒక్కటే గాని ప్రభువు ఇద్దరికి ఇచ్చిన జవాబు ఒక్కటి కాదు. మార్తతో ఆయన పునరుత్థానమును గూర్చి మాటలాడెను. మరియతో బోధ ఏమియు చేయలేదు. లాజరును ఎక్కడ ఉంచితిరని మాత్రము అడిగి, వారు చూపింప నడిచి, కన్నీరు కార్చెను. మార్తకు మాట కావలెను, మరియకు తోడు కావలెను. ఎవరికేమి కావలెనో ఆయన ఎరిగియుండెను. కాపరులమైన మేము అందరికిని మాటలే ఇచ్చుచున్నాము.

ఇంకొక సంగతి గమనించుడి. లాజరును లేపుటకే తాను వెళ్లుచున్నానని ప్రభువు ముందే శిష్యులకు చెప్పియుండెను. ఇంక కొంచెము సేపటిలో ఆ మనుష్యుడు సమాధినుండి నడచి వచ్చునని ఆయనకు తెలియును. తెలిసియుండియే ఏడ్చెను. పునరుత్థానమును నమ్మనివారే యేడ్తురని చెప్పు నోరు ఇక్కడ మూతబడవలెను. కన్నీరు అవిశ్వాసమునకు గురుతైతే మన ప్రభువు మీదనే ఆ నింద పడును.

మరి అపొస్తలుడైన పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయము మాటేమి? సమాధి యొద్ద మనము ఎక్కువగా చదువునది అదియే, ఎక్కువగా తప్పు అర్థము చేసికొనునదియు అదియే. పౌలు దుఃఖపడవద్దని చెప్పి ఊరకుండలేదు. నిరీక్షణ లేనివారు దుఃఖపడు రీతిని దుఃఖపడకుడని చెప్పెను. దుఃఖము రెండు విధములుగా నున్నది. ఒకటి తలుపు మూసికొని కూర్చుండు దుఃఖము. మరియొకటి తలుపు తెరచి ఎదురుచూచు దుఃఖము. కన్నీరు రెంటిలోను ఒక్కటే, ఉప్పగానే యుండును. ఫిలిప్పీయులకు వ్రాయుచు, ఎపఫ్రొదితు బ్రదుకుటవలన తనకు దుఃఖము వెంబడి దుఃఖము కలుగలేదని ఆ పౌలే చెప్పుకొనెను. స్తెఫను రాళ్లదెబ్బలతో చనిపోవు ముందు ఆకాశము తెరువబడుట చూచిన భక్తుడు. అతడు ఎక్కడికి వెళ్లెనో సంఘమునకు బాగుగా తెలియును. అయినను భక్తిగల మనుష్యులు అతని సమాధిచేసి మిగుల ప్రలాపించిరని అపొస్తలుల కార్యముల ఎనిమిదవ అధ్యాయములో నున్నది. వారి సాక్ష్యము పోయెనా? సువార్త యూదయ సమరయ దేశములకు వ్యాపించినది ఆ దినములలోనే గదా!

ఎవరి పాపము?

దుఃఖించువారికి మనము చేయు కీడు ఇంకొకటి కలదు. చావింట కూర్చుండి కారణములు వెదకుదుము. ఆ తల్లి యింటి వెనుక కొందరు ఇట్లే గుసగుసలాడిరట: దశమభాగము ఎగవేసినదేమో, ఏ మ్రొక్కు మ్రొక్కినదో, ఇంటిలో ఏ పాపమున్నదో! పుట్టు గ్రుడ్డివాని చూచి శిష్యులు అడిగినది ఇదే ప్రశ్న. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చున్నంత కాలము మంచి స్నేహితులుగనే యుండిరి. వారు నోరు తెరచి కారణములు చెప్పనారంభించిన పిమ్మట పాడైపోయిరి. కడపట దేవుని కోపము రగులుకొన్నది ఏడ్చి మొరపెట్టిన యోబు మీద కాదు, కారణములు చెప్పిన స్నేహితుల మీద.

మన మన్యపు జ్వరము సంగతియే చూడుడి. పూర్వము అది గాలి సోకుటవలన వచ్చునని మన పెద్దలు అనుకొనిరి. దొరలు కూడ అంతకంటె ఎక్కువ ఎరుగరు. మలేరియా అను మాటకు ఇటలీ దేశపు భాషలో చెడుగాలి అనియే అర్థము. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని కనుగొనెను. అంతకు ముందు ఎన్ని తరముల తల్లులు బిడ్డను పాతిపెట్టి, ఇది నా పాప ఫలమని గుండెలు బాదుకొనియుందురో ఆలోచింపుడి. కారణము దోమ, నిలువ నీరు. కాబట్టి ఇంటి యొద్ద నీరు నిలువకుండ చూచుట, దోమతెర కట్టుట, జ్వరము వచ్చిన మొదటి దినముననే రక్తపరీక్ష చేయించుట విశ్వాసమునకు విరోధములు కావు. ప్రార్థనయు చేయుడి, ఆసుపత్రికిని పొండి. రెండును చేసిన తరువాత కూడ ఒక్కొక్కప్పుడు బిడ్డ దక్కదు. అప్పుడు, ఎందుకో మేము ఎరుగము అని ఒప్పుకొనుడి. అది యథార్థమైన మాట. దేవుడు మనలను అబద్ధమాడి తనను సమర్థింపుమని కోరలేదు.

ఆశ వేరు, నిరీక్షణ వేరు

సరే, విశ్వాసి యేడ్వవచ్చును. అయితే నిరీక్షణ అనగా నేమి? మన వాడుకలో ఆశయు నిరీక్షణయు ఒక్కటిగనే కనబడును. నా బిడ్డ బ్రదుకునని ఆశపడితిని, బ్రదుకలేదు, కాబట్టి నా నిరీక్షణ చచ్చినది అని ఆ తల్లి మాతో అన్నది. ఈ రెంటికి గల భేదమును మేము మన గోదావరి తీరమున జరిగిన ఒక సంగతితో చెప్పుదుము.

భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెము ఆనకట్టను మీలో అనేకులు చూచియుందురు. నూట అరువది యేండ్ల క్రిందట హేగ్ అను ఆంగ్లేయ ఇంజనీరు అక్కడ పని చేయించుచుండెను. గోదావరిలో రాళ్లు అడ్డము వచ్చు చోట్ల కాలువలు త్రవ్వి, సముద్రమునుండి మధ్య పరగణాల వరకు పడవలు నడపవలెనని ఆనాటి ఆశ. ఎంతో ధనము వ్యయమైనది. జ్వరములకు జడియక కూలివారు అడవిలో పని చేసిరి. కడకు 1871లో ప్రభుత్వము ఆ పనిని విడిచిపెట్టెను. ఆనాటి ఆశ నెరవేరలేదు. అయితే హేగ్ గారు అక్కడ నుండగా చుట్టునున్న కోయ ప్రజలకు సువార్త చెప్పవలెనని భారముగొనెను. వెంకటరామరాజు గారను తెలుగు విశ్వాసి ప్రభుత్వోద్యోగమును విడిచి, ఆ జ్వరముల అడవిలో ఆ పనికి నిలిచెను. ఎవరును లెక్కలలో వ్రాసికొనని ఆ చిన్న ప్రార్థనకూటము నిలిచినది, సంఘమైనది.

దోర్నకల్ అధ్యక్షులైన అజరయ్య గారి సంగతియు చెప్పుదుము. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషపుగా అభిషేకము పొందిన ఆయన, ఎడ్ల బండిమీద మన పల్లెలన్నియు తిరిగెను. మన దేశమందలి వేర్వేరు మిషనుల సంఘములు ఒక్క సంఘము కావలెనని 1919లో తరంగంబాడి సభ మొదలు పాతికేండ్లు ప్రయాసపడెను. 1945 జనవరి ఒకటవ తేదీన ఆయన దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించెను. ఆ సంఘము ఏడ్చుచు తన కాపరిని మంటికి అప్పగించినది. ఆయన కోరిన ఐక్యత 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘముగా మద్రాసులో నెరవేరినది. అప్పటికి ఆయన పోయి రెండేండ్లు దాటినది. విత్తువాడొకడు, కోయువాడొకడు అని ప్రభువు సమరయ బావియొద్ద బోధించినది ఇదియే గదా.

ఆశకు మన లెక్క ఉండును. ఇది, ఇప్పుడు, నా కన్నుల యెదుట జరుగవలెనని అది కోరును. జరుగనిచో విరిగిపోవును. విరుగుట తప్పు కాదు, దానికై యేడ్చుటయు తప్పు కాదు. నిరీక్షణకు మన లెక్క ఆధారము కాదు. మృతులలోనుండి లేచిన ప్రభువే ఆధారము. అందుచేత ఆశ విరిగిన యింటిలో కూడ నిరీక్షణ బ్రదికి యుండగలదు. అయితే అది ఎట్లు బ్రదికియుండును? కన్నీటి మధ్య అది ఏమి చేయును? దీనిని మాకు నేర్పినది మా నాయనమ్మ.

నాయనమ్మ మూట

మేము పుట్టిన పల్లె గోదావరి ఒడ్డున నుండెను. 1986 ఆగస్టు నాటికి మేమింకను బడిలో మొదటి తరగతులు చదువుచుంటిమి. భద్రాచలము యొద్ద నీరు 43 అడుగులకు చేరిన మొదటి హెచ్చరిక, 53 అడుగులకు చేరిన మూడవ హెచ్చరిక. ఆ యేట ఆగస్టు 16వ తేదీన నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. 2022 జూలై 16న 71.3 అడుగుల వరద వచ్చినప్పుడు మన గ్రామములు ఎంత అల్లాడినవో మీరు చూచితిరి. దానికంటె నాలుగు అడుగులు పైగా వచ్చినదని చెప్పిన మీకు అర్థమగును.

రాత్రివేళ నీరు వాకిటిలోనికి వచ్చినది. అందరును చేతికందినది తీసికొని మెరకకు పరుగెత్తిరి. ఒకరు పెట్టె, ఒకరు మేకపిల్ల, ఒకరు పసిబిడ్డ. మా నాయనమ్మ దూలమునకు వ్రేలాడదీసిన విత్తనాల మూటను విప్పి నెత్తిన పెట్టుకొనెను. బూడిద కలిపి దాచిన జొన్న విత్తనములు. పెండ్లినాటి యిత్తడి బిందెను వదలి ఆ మూట తెచ్చినదని మా తాత కోపించెను.

మెరకమీద మాకు ఆకలి వేసెను. సహాయము చేరువరకు పిల్లలమందరము ఏడ్చితిమి. మూటలో జొన్నలున్నవని మాకు తెలియును. కొంచెము వేయించి పెట్టుమని నాయనమ్మ కాళ్లు పట్టుకొంటిమి. ఆమె మూటమీద కూర్చుండి కదలలేదు. మాతోబాటు తానును ఏడ్చుచు కూర్చుండెను. ఆమెకు మామీద ప్రేమ లేదని ఆ రాత్రి మేము అనుకొంటిమి.

నీరు తీసిన తరువాత పల్లెకు తిరిగి వచ్చి చూచితిమి. మంటి గోడలు కూలిపోయినవి. పునాస పైరు ఒండ్రుక్రింద పూడిపోయినది. వరదలో మా చిన్నత్త బిడ్డ, ఏడాది పసికందు, జ్వరము తగిలి పోయెను. ఆ బిడ్డను పాతిన వారము దాటకముందే నాయనమ్మ మూట విప్పెను. ఆరిన ఒండ్రులో సాళ్లు తీయించి విత్తసాగెను. విత్తుచున్నంత సేపు ఆమె కన్నులనుండి నీరు కారుచునే యుండెను. చేయి మాత్రము ఆగలేదు.

పెద్దవారమై వేదాంత పాఠశాలలో 126వ కీర్తన చదివినప్పుడు మాకొక సందేహము కలిగెను. కోతవాడు సంతోషించుట సరే, విత్తువాడు ఎందుకు ఏడ్చును? విత్తుట దుఃఖకార్యము కాదే! అప్పుడు మెరకమీది ఆ రాత్రి జ్ఞాపకము వచ్చినది. విత్తనము ఆకలిగొన్న బిడ్డల నోటియొద్దనుండి తీసినది. ఇంటిలో గింజ లేనప్పుడు ఉన్న గింజను మంటిలో పోయుట కంటె కఠినమైన పని రైతునకు లేదు. అందుచేత అతడు ఏడ్చును. ఏడ్చుచునే విత్తును. ఏడుపు ఆగిన తరువాత విత్తుదునని కూర్చుండినచో అదను దాటిపోవును. ఇప్పుడు అంగడిలో సంచులలో విత్తనములు కొనుచున్నాము గనుక ఈ కీర్తన మర్మము మనకు మరుగైనది. కోయ గూడెములలో ఇంకను సొరకాయ బుర్రలో విత్తనము దాచుకొను పెద్దలుందురు. వారిని అడిగిన ఈ కీర్తన అర్థమును మనకంటె బాగుగా చెప్పగలరు.

కాబట్టి నిరీక్షణ కన్నీటిని తుడిచివేయునది కాదు. కన్నీటిని తుడుచు పని దేవునిదే. అది కడపటి దినమున ఆయన తన చేతితోనే చేయునని ప్రకటన గ్రంథములో నున్నది. ఆ పనిని మనము ముందుగా లాగుకొనకూడదు. నిరీక్షణ చేయునది వేరొకటి. అది విత్తనమును కాపాడును, అదను వచ్చినప్పుడు చేతిని మూటలో పెట్టించును. మంటిలో పడిన గింజ చావకపోయిన ఒంటిగానే యుండునని మన ప్రభువు తన మరణమును గూర్చి చెప్పెను. ఆయన దేహమే అట్టి గింజగా మంటిలో ఉంచబడినది, మూడవ దినమున లేచినది. మనము సమాధిలో ఉంచినవారిని పారవేయలేదు. విత్తియున్నాము.

నిత్యజీవనములోనే

దుఃఖించువారు, నాకేదైన దర్శనము కలుగునా, ఒక స్వరము వినబడునా అని ఎదురుచూతురు. దేవుడు ఎవరికేమి చేయునో ఆయన చిత్తము. అయితే లేఖనములలో ఆదరణ అనేక పర్యాయములు మామూలు పనుల మార్గముననే వచ్చినది. అబ్రాహాము శారాను గూర్చి అంగలార్చెను. తరువాత శవమునొద్దనుండి లేచి, హేతు కుమారులయొద్దకు వెళ్లి, మక్పేలా పొలమును బేరమాడి నాలుగువందల తులముల వెండి తూచి యిచ్చెను. దేవుడు అతనికి వాగ్దానము చేసిన దేశములో అతనికి మొదట స్వంతమైన భూమి ఒక సమాధి స్థలమే! నయోమి భర్తను ఇద్దరు కుమారులను పోగొట్టుకొని బేత్లెహేము చేరి, నన్ను మారా అని పిలువుడని తన చేదును దాచక చెప్పెను. దేవుడు ఆమెతో వాదింపలేదు. అది యవలకోత ఆరంభము. కోడలు రూతు పరిగె యేరుటకు పోయి సాయంకాలమునకు యవలు తెచ్చినది. ఆ కొంగులోని గింజలతోనే దావీదు వంశమునకు త్రోవ తెరువబడినది.

మనకును అంతే. పొయ్యి రాజేయుట, పసువులకు మేత వేయుట, మిరప నారు పోయుట, వేసవిలో తునికాకు కోయుట, పిల్లకు జడవేసి బడికి పంపుట, అన్నము వండునప్పుడు పిడికెడు బియ్యము దేవునికని తీసిపెట్టుట. ఇవి దుఃఖమునకు అడ్డము వచ్చు పనులు కావు. దుఃఖించువానిని దేవుడు నడిపించు చిన్న చిన్న మెట్లు.

సంఘము ఏమి చేయవలెను?

ఈ విషయమున మేము చేసిన తప్పును మీరు చేయకుడి. చావింట ఏడ్చువారిని ఊరుకొనుమని గద్దింపకుడి, కూర్చుండుడి. కారణములు చెప్పకుడి, కూడు వండి తీసికొనిపొండి. మొదటి మూడు దినములు అందరు వత్తురు. నలుబదవ దినము కూడిక తరువాత ఎవరును రారు. మీరు అప్పుడు పొండి. మొదటి క్రిస్మసు నాడు పొండి. చనిపోయినవాని పేరు ఎత్తిన తల్లి బాధపడునని మనము దాని నెత్తము. నిజమునకు ఆ పేరు ఒకరి నోట వినుటకు ఆమె చెవులు కాచుకొనియుండును. మాటలు రానివారు ఒక దినము కూలి అడుగక ఆ యింటివారి చేనిలో కలుపు తీయుడి. దానికంటె మంచి ప్రసంగము మాకును రాదు.

ఇక ఆ తల్లి మాట చెప్పి ముగించుదుము. ఆ దినము ఆమెతో మేము, "అమ్మా, తప్పు మాది. నీ కొడుకు ప్రభువు దగ్గర ఉన్నడు. నీ కన్నీళ్లకు వాని పరలోకం కరిగిపోదు. నువ్వు గుడికి వచ్చి ఏడువు" అంటిమి. ఆ మరుసటి ఆదివారము ఆమె వచ్చెను. కడపటి చాపమీద కూర్చుండి ఆరాధన అంతయు ఏడ్చెను. ఎవరును ఊరుకొనుమనలేదు. ఆమెకు సమాధియొద్ద బుద్ధి చెప్పిన పెద్దయే లేచిపోయి మంచినీళ్లు తెచ్చి ఆమె ప్రక్కన పెట్టి మరల తన స్థలమున కూర్చుండెను.

తరువాతి తొలకరిలో ఆమె చేను బీడుపెట్టునని అందరమును అనుకొంటిమి. ఇంటిలో ఒక కుండ నిండ కంది విత్తనములుండెను. కుమారుడు చనిపోవు యేట బూడిద కలిపి, మూతికి గుడ్డకట్టి దాచినవి. ఆ ముడి అతడు వేసినది గనుక ఆమె దానిని విప్పనొల్లక యుండెను. వానలు రెండు పడినవి. ఒక తెల్లవారుజామున ఆమె తానే ముడి విప్పెను. ఆమె కూతురును, సంఘములోని ముగ్గురు స్త్రీలును కూడ పోయి విత్తిరి. ఆ గుడ్డముక్కను ఆమె ఇప్పటికిని బైబిలులో పెట్టుకొనియున్నది.

కంది కోసిన తరువాత కోతపండుగనాడు ఆమె ఒక గంపలో కందులు తెచ్చి బల్లయొద్ద పెట్టెను. మనస్సు తేలికపడినదా అమ్మా అని మేము అడిగితిమి. "లేదయ్యగారూ, తేలిక కాలే. కాని తేవాలె అనిపించింది, తెచ్చిన" అనెను. మేము దానికంటె గొప్ప విశ్వాస ప్రమాణమును ఆ యేట వినలేదు.

మొన్న వేసవిలో ప్రక్క గూడెములో ఒక కోయ స్త్రీ బిడ్డ చనిపోయెనని తెలిసి మేము వెళ్లితిమి. ఏమి చెప్పవలెనా అని త్రోవ పొడుగున ఆలోచించుచు పోయితిమి. అక్కడ చింతచెట్టు క్రింద మాకంటె ముందే మన తల్లి కూర్చుండి యుండెను. ప్రక్కన జావ కుండ యున్నది. ఇద్దరును ఏడ్చుచుండిరి. ఆమె ఏమియు చెప్పుట లేదు. మేమును చెప్పదలచినది మరచి, చెప్పులు విడిచి, కొంచెము దూరముగా నేలమీద కూర్చుంటిమి.

ప్రార్థించుదము: సమాధియొద్ద కన్నీరు కార్చిన ప్రభువా, ఈ నెలలో మా సంఘములలో ఏడ్చుచున్న ప్రతి యింటి వాకిట నీవు నిలువుము. మా నోళ్లకు మౌనమును, మా చేతులకు పనియు నేర్పుము. మేము కన్నీటితో విత్తినవి నీ దినమున లేచునని నమ్ముచున్నాము. ఆమేన్.